నోరు మూసిన ఇంజన్

నా షెడ్డులో ఎవరూ ఉమ్మకూడదు. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద బండ్లు తోలే డ్రైవర్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆకూ వక్కా నమిలేవాడు ఎంత పెద్దమనిషైనా సరే, గేటు బయట ఉమ్మేసి, నోరు కడుక్కుని లోపలికి రావాలి. మోచేతుల దాకా గ్రీజులో పెట్టి పనిచేస్తాను. రేడియేటర్ వెనక చచ్చిన ఎలుకను చేత్తో లాగి పారేస్తాను. మనిషి నోట్లోంచి వచ్చినదాన్ని మాత్రం చూడలేను. మునిచంద్రకి చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

2003 వేసవిలో యువరాజ్ కారు ఇంజన్ పోయింది. వాళ్లది టమోటా మండీ. పొద్దున మండీలో వేలం చూసుకుంటాడు, వీలైన ఆదివారం చెన్నై పక్కనున్న ట్రాక్ మీద రేసుకి పోతాడు, మిగతా రోజుల్లో అదే కారులో పెళ్లాం పల్లవిని బజారుకి తీసుకుపోతాడు. ఆ చిన్న కారుకి టర్బో బిగించింది నేనే. సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగతో ఒక ఫ్యాను తిరుగుతుంది, అది ఇంజన్ గొంతులోకి గాలిని బలవంతంగా కుక్కుతుంది. మామూలు ఇంజన్ దానికి ఎక్కువ రోజులు తట్టుకోదు. వీడిది ట్రాక్ మీదే పిస్టన్ కరిగి ఆగిపోయింది.

"ఆదివారం రేసుండాది మునన్నా," అన్నాడు. "గుజరీలో ఏదో ఒకటి సూసి పెట్టేద్దాం. అది పోతే ఇంకోటి."

పల్లవి ఆ రోజు షెడ్డు దాకా వచ్చింది. "నువ్వు అన్నీ సూసి పంపిస్తావని ధైర్యమన్నా. ఈయన మాట నేను నమ్మను," అంది. అన్నీ చూసే పంపిస్తానని చెప్పాను.

కుప్పం దాటాక గుడుపల్లె రోడ్డులో, పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే సిద్దప్ప గుజరీ అంగడి ఉంది. సిద్దప్ప ఊళ్లో లేడు, ఆయన భార్య పాపమ్మ ఉంది. మా కారుకి సరిపోయే ఇంజన్ ఒకే ఒక్కటి, అంగడి వెనక రెండు రాళ్ల మీద పెట్టి ఉంది. గాలి పీల్చే గొట్టం ఆకాశం వైపు తెరిచి ఉంది. చుట్టూ నేల మీద పసుపు నీళ్లు చల్లిన మరకలు.

"అది ఇప్పుడే ఇయ్యకూడదప్పా," అంది పాపమ్మ. "మనిషి పోయిన బండిది. అట్లాంటియి మా ఆయన ఒక వానాకాలం నోరు తెరిసి బయట పెడతాడు. తడిసినాకనే అమ్మేది. దీనికింకా ఒక్క వాన పడలేదు."

"యాల?" అన్నాను.

"లోపలుండేది పోవాల గదా."

యువరాజ్ నవ్వి, బతిమాలి, చివరికి దాన్ని మేం తెచ్చిన బండిలోకి ఎత్తించాడు. ఇంజన్‌లోకి నీళ్లు పోతే తుప్పు పడుతుందని తెలిసిన మెకానిక్‌ని నేను, నాకూ నవ్వొచ్చింది. దారిలో దుమ్ము పోకుండా చేతిలో ఉన్న గుడ్డను ఉండ చుట్టి ఆ గొట్టంలో గట్టిగా దోపాను. ఏ మెకానిక్ అయినా చేసే పనే. పాపమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నోరు మూయొద్దప్పా," అంది మెల్లగా. నేను చెయ్యి విడిపించుకుని బండెక్కాను.

గుజరీ ఇంజన్ అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ విప్పి లోపల చూసుకోవాలి. విప్పి చూసి మళ్లీ బిగించాలంటే రోజంతా పట్టే పని. అప్పటికే శుక్రవారం, అందుకే విప్పలేదు. తెచ్చింది తెచ్చినట్టే బిగించేశాను. గుడ్డ బయటికి తీసినప్పుడు తడిగా, గోరువెచ్చగా ఉంది. డీజిలేమో అనుకుని మూలకి విసిరేశాను.

శనివారం పొద్దు గుంకే వేళ, కారు ఎట్లా లాగుతుందో చూద్దామని ఇద్దరం పుంగనూరు వైపు బయలుదేరాం. ఇంజన్ బ్రహ్మాండంగా లాగుతోంది. మామూలుగా యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు టర్బోలో మిగిలిన గాలి బుస్సుమని బయటికి పోతుంది. ఆ రోజు ఆ చప్పుడు వేరేగా ఉంది. మనిషి గొంతు సవరించుకున్నట్టు... ఖా... అని.

యువరాజ్ మళ్లీ తొక్కి వదిలాడు.

ఖా... తూ.

తర్వాత వాసన వచ్చింది. తమలపాకు, సున్నం, పొగాకు. దాంతోపాటు కడగని నోటి కంపు. కిటికీ దించినా పోలేదు. నా నాలుక మీద కూర్చున్నట్టే ఉంది.

"ఆపు," అన్నాను.

రోడ్డు పక్కన ఆపి, ఇంజన్ కట్టేసి, బానెట్ ఎత్తాం. ఇంజన్ లోపలి నుంచి వచ్చే ఆయిల్ తుంపర పట్టడానికి నేనొక ప్లాస్టిక్ సీసా పెట్టి ఉన్నాను. అందులో నల్లటి ఆయిల్ ఉండాలి. సీసా సగం దాకా ఎర్రగా ఉంది. చిక్కటి ఎరుపు, పైన నురగ. అందులో నమిలిన వక్క పలుకులు తేలుతున్నాయి. సీసా మూతికి తీగలు సాగుతున్నాయి.

నేను పక్కకి పోయి వాంతి చేసుకున్నాను. రెండుసార్లు.

"మునన్నా..." యువరాజ్ గొంతు తగ్గించాడు. "ఇంజన్ కట్టేసినా గదా?"

"కట్టేసినావు."

"ఇది ఇంకా కారతాండాది..."

చుక్క. ఆగి, ఇంకో చుక్క. గాలి గొట్టం ఉబ్బింది... తగ్గింది... మళ్లీ ఉబ్బింది.

"దాన్ని ముట్టుకోవద్దు," అన్నాను. అంతలోనే వాడు బిగింపు వదులు చేసి, లోపల చూద్దామని గొట్టం లాగేశాడు. ముఖం సరిగ్గా దాని ఎదురుగా ఉంది. లోపలి నుంచి పచ్చి కంపుతో ఒక గాలి వచ్చి కొట్టింది. ఉలిక్కిపడిన మనిషి ఏం చేస్తాడు... గట్టిగా పీల్చాడు.

గొట్టం కదలడం ఆగిపోయింది.

"ఏమైనాదప్పా?" అన్నాను. వాడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నోరు మాత్రం తెరవలేదు.

టమోటా లారీకి తాడు కట్టి కారును షెడ్డుకి లాక్కొచ్చాం. రేపు రేసు లేదని చెబితే వాడు గొడవ పడలేదు. దారిలోనే వాళ్లింటి ముందు దిగి, చెయ్యి ఊపి లోపలికి పోయాడు. నాకు సంతోషమేసింది. ఆ దరిద్రాన్ని నమ్ముకుని ట్రాక్ మీదికి పోవడం తప్పింది, పల్లవికి ఇచ్చిన మాట నిలబడింది అనుకున్నాను.

ఆదివారం తెల్లవారగానే హెడ్ విప్పాను, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. లోపల ఏమీ లేదు. మరక లేదు, ఆయిల్ జిడ్డు కూడా లేదు. నాలుగు సిలిండర్లూ కడిగి తుడిచి ఆరబెట్టినట్టున్నాయి. లోపలున్నది ఏదైతేనేం, పోయింది. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని టీ పెట్టుకుంటుండగా షెడ్డులో ఫోన్ మోగింది.

పల్లవి.

"అన్నా... ఈయన ఎంత లేపినా లేస్తా లేడు. ఊపిరి తీసుకుంటా ఉండాడు..."

"తీసుకుంటా ఉండాడు గదమ్మా. భయపడొద్దు, నేను వస్తాండా."

"అది గాదన్నా." పక్కనున్నవాడికి వినబడకూడదన్నట్టు గొంతు ఇంకా తగ్గించింది. "తెల్లారినప్పటి నుంచి పక్కనే కూర్చోని సూస్తాండా. లోపలికి తీసుకుంటానే ఉండాడు. ఒక్కసారి గూడా బయటికి ఇడవలేదు."

ఫోన్లో ఆ చప్పుడు నాకూ వినిపించింది. సన్నగా, ఎక్కడా ఆగకుండా, లోపలికి...