వెనక రేకు మీద చప్పుడు

సింగపూర్‌లో టాంపినీస్ వెళ్ళే దారిలో, వాడకం మానేసిన ఆ పాత బస్ షెల్టర్ దగ్గర చీకటి పడ్డాక ఏ స్టాఫ్ బస్సూ ఆగదు. ఆగకూడదట. అక్కడ బస్సు వెనక రేకు మీద చప్పుడు వినపడుతుందట — అరచేత్తో కొట్టినట్టు.

తెల్లదొరల కాలంలో ఆ దారిన ఓ కంపెనీ బస్సులు నడిపేది. ముందు మెత్తటి సీట్లు దొరలకు. వెనక చెక్కబల్ల మనవాళ్ళకు, ఎక్కే దారి కూడా వెనకే. ఒక వానరాత్రి జ్వరంతో వణుకుతున్న కూలీ ఒకడు ఖాళీగా ఉన్న మెత్తటి సీట్లో కూలబడ్డాడు. కదులుతున్న బస్సులోంచే కండక్టరు వాణ్ణి తోసేశాడు. వాడు లేచి, రేకు మీద కొడుతూ వెంట పరిగెత్తాడు... ఆ షెల్టర్ దగ్గరకొచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది, వాడి ప్రాణం కూడా.

తారాదేవికి ఈ సంగతి చెప్పింది వాళ్ళ ఆఫీసు బస్సు డ్రైవర్ యోగేశ్వరన్. మలేషియాలో పుట్టిన తెలుగువాడు.

"తోసింది మా తాతే, అక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "తోయమని పైవాళ్ళ ఆర్డరు. చచ్చేదాకా చెవులు మూసుకునే పడుకున్నాడు."

ఆ రోజు చాంగీ బిజినెస్ పార్క్ నుంచి బయల్దేరేసరికే చీకటి. కుండపోత. బస్సులో తారాదేవి, ఆమె ఆఫీసులోనే పనిచేసే కుర్రాడు అనిల్‌కుమార్ — అంతే. షెల్టర్ ముందు నీళ్ళు నిలిచి బస్సు నెమ్మదించింది.

ఠప్... ఠప్...

"మురుగా!" యోగేశ్వరన్ యాక్సిలరేటర్ తొక్కబోయాడు.

"ఆపు" అంది తారాదేవి.

"వేండాం అక్కా... వద్దు!"

"ఆపమన్నానా!"

గొడుగు పట్టుకుని దిగి, బస్సు వెనక్కి నడిచింది. ఫోన్ లైటు వేసింది. అక్కడ — నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఒక ఆకారం...

"భయపడకుండ్రి మేడమ్. మనిషినే."

తెల్లన సిమెంటుది. వానకు కారుతోంది. పేరు రామన్న, ఊరు జగిత్యాల దిక్కు. పక్క సైటులో పాదంలో మేకు దిగింది. కింద నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

"కూలీల లారీ నన్నిడిచిపెట్టి పోయింది. దవాఖానకు పోవాలె మేడమ్."

"తలుపు ముందుంటే వెనక కొడతావేం?"

"స్టాఫ్ బస్సు తలుపు ముట్టుకుంటే వర్క్ పర్మిట్ కట్ అన్నడు సూపర్‌వైజర్. వెనక రేకు కొడ్తే ఏమనరనుకున్న."

తారాదేవికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో భయం ఎటు పోయిందో పోయింది. రెక్క పట్టుకుని ముందు తలుపు నుంచే ఎక్కించింది.

మొదటి సీట్లో బ్యాగు, దాని మీద టిష్యూ ప్యాకెట్టు.

"ఆంటీ, అది నేను చోప్ చేసుకున్నా, టిష్యూ పెట్టి ఆపుకున్న సీటు" అన్నాడు నడవకు అటుపక్క సీట్లోంచి అనిల్‌కుమార్. "సిమెంటంతా అంటుతుంది. వెనక్కి పంపండి."

బ్యాగు తీసి వాడి ఒళ్ళో పడేసింది. "ఒక్క ముడ్డికి ఎన్ని సీట్లు కావాలిరా నీకు?"

"నిలబడ్త మేడమ్..."

"కూర్చో!"

రామన్న కూర్చున్నాడు. యోగేశ్వరన్ అతని పాదం వంకే చూస్తున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ కొట్టింది మనుషులేనా? పోయిన నెల కూడా విన్నాను అక్కా... ఆపలేదు."

"దెయ్యమని పేరు పెట్టుకుంటే ఆపక్కర్లేదుగా!" అంది తారాదేవి. "పోనివ్వు, ఆస్పత్రికి."

బస్సు కదిలింది.

ఠప్... ఠప్...

"నీతో ఇంకెవరన్నా ఉన్నారా?"

"నేనొక్కణ్ణే మేడమ్" అన్నాడు రామన్న.

ఈసారి ఎవరూ చెప్పకుండానే యోగేశ్వరన్ బ్రేకు వేశాడు. ముందు తలుపు తెరిచాడు. వానలోకి చూస్తూ అన్నాడు:

"ఇటు నుంచే... ఎక్కు."

మెట్టు మీద ఎవరూ కనపడలేదు. కాని రామన్న పక్కన ఖాళీ సీటు మెత్త... మెల్లగా కుంగింది.