నెవర్ అంటే ఎప్పుడూ

టెక్కలిలో భవ్యశ్రీ తమ మేడ మీద స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంది. వచ్చేది పదకొండు మంది. వాళ్ళలో లోకనాథ్‌ది నందిగాం, జీడితోటల కుటుంబం. మూలపేట పోర్టులో ఉద్యోగానికి ఇంగ్లీష్ కావాలని చేరాడట. అది వట్టి సాకేమోనని మూడో నెలలో భవ్యశ్రీకి అనుమానం వచ్చింది. సాకే అయితే బాగుండునని కూడా అనిపించింది. దాచడమెందుకు, అతనంటే ఇష్టం పుట్టింది.

కానీ అతను ముందు అననిదే ఈవిడగారు బయటపడదు. అవతల ఇచ్ఛాపురం సంబంధం వాళ్ళకి ఆదివారం మాటివ్వాలి.

శనివారం టెస్ట్ పెట్టింది. ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, రేర్లీ, నెవర్. ఒక్కో మాటకి ఒక్కో వాక్యం, అదీ మీ గురించే రాయాలంది. లోకనాథ్ పేపర్‌లో ఐదు వాక్యాలూ భేషుగ్గా ఉన్నాయి. ఆరోది చదివేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఐ నెవర్ లవ్ మై టీచర్."

అందరూ వెళ్ళేదాకా ఆగి అతన్ని పట్టుకుంది.

"ఇదేటిది? నిన్ను నానేమైనా అడిగినానా?"

లోకనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "తప్పా మేడం? మనసులో ఉన్నదే రాసినాను."

"ఓహో, మనసులో ఉన్నదే! సంతోషం, ఎల్లు."

"అంత కోపమేటి? ఎప్పుడూ మీరే గుర్తొత్తంటే నానేటి సేసేది?"

భవ్యశ్రీ తెల్లబోయింది. "మరి నెవర్ అని ఎందుకు రాసినావు?"

"నెవర్ అంటే ఎప్పుడూ అని మీరే గదా బోర్డు మీద రాసినారు!"

"ఆల్వేస్‌కీ అదే రాసినాను గదా! అది వాడొచ్చు గదా!"

"అది టీకి వాడేసినాను మేడం. ఐ ఆల్వేస్ డ్రింక్ టీ. మిగిలింది ఇదొక్కటే."

తిరిగి చూస్తే బోర్డు మీద నిజంగానే అలా ఉంది. తెలుగులో ఎప్పుడూ వస్తాడన్నా, ఎప్పుడూ రాడన్నా "ఎప్పుడూ" అన్న మాట ఒకటే. చివర్లో క్రియ వస్తే గానీ సంగతి తేలదు. నెవర్ పక్కన "లేదు" అని చేర్చడం పంతులమ్మే మర్చిపోయింది.

ఈ అరుపులకి ఆమె తండ్రి నారాయణమూర్తి మెట్లెక్కి వచ్చాడు. వారం రోజులుగా వీళ్ళిద్దరి గురించి ఊళ్ళో గుసగుసలు ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి. బల్ల మీది పేపర్ తీసి చదివాడు. ముఖం విప్పారింది.

"నెవర్ అంట! ఊరోల్లు నోటికొచ్చింది కూసినారు. కుర్రోడు సొంత సేత్తో రాసిచ్చినాడు. ఏటమ్మా, ఇచ్ఛాపురం వోల్లకి మాటిచ్చీమంటావా?"

నోరు మూసుకుంటే చాలు, ఏ గొడవా లేదు. లోకనాథ్ నేలచూపులు చూస్తున్నాడు. అయినా భవ్యశ్రీ, తండ్రి చేతిలోంచి పేపర్ తీసుకుని, ఎర్ర పెన్నుతో నెవర్ కొట్టేసి, పైన ఆల్వేస్ అని రాసి తిరిగిచ్చింది.

"తప్పు రాసినాడు నాన్నా. దిద్దినాను."

ఆయన పేపర్‌ని చూశాడు, కూతుర్ని చూశాడు.

"ఆడి మాట సరే. మరి నీదేటి?"

"నాదీ అదే."

నారాయణమూర్తి కుర్చీలో కూలబడ్డాడు. ఇచ్ఛాపురం వాళ్ళకి ఏం చెప్పాలో కాసేపు ఆలోచించుకున్నాడు. తర్వాత లోకనాథ్ వైపు తిరిగాడు.

"మీ నాన్న ఇంటికాడ ఎప్పుడుంటాడు?"

"సాయంత్రాలు యూజువల్లీ ఉంటాడు మావా!"

"అప్పుడే మావా ఏటి?" అని కసిరాడాయన. "రేపు మాత్రం ఉండమను. మేం వత్తన్నామని సెప్పు."