ఒంటి చెప్పు పాప

తలుపు మధ్యలో పెద్ద మామా, ఆ ఇంటి ముసలి యజమానురాలు, రాయిలా నిలబడిపోయింది.

పాదాలు రెండూ పాలరాతి గడపకు అతుక్కుపోయాయి. కనురెప్ప కూడా వాలడం లేదు. శివపార్వతి ఆమె చేతులు పట్టుకుని ముందుకు లాగుతోంది. ఆ ఇంట్లో పనికి చేరి అది రెండో రోజు.

"లాగద్దు మే! ముందుకు పడతాది!"

ఉలిక్కిపడి చూసింది. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ ఒకతను. ఇంటి డ్రైవరు పెంచల్. పదకొండేళ్లుగా ఈ అరబ్బు దేశంలో, ఫింటాస్‌లోని ఈ ఇంట్లోనే పని.

"పడకుండానే పట్టుకున్నా. చెప్పేదానికి నువ్వెవురయ్యా?"

అతను జేబురుమాలు మడిచి, పెద్ద మామా కాళ్ల ముందు అడ్డంగా పరిచాడు. "దీన్ని దాటమని చెప్పు. లెక్కపెట్టు."

అరబ్బీ అంకెలు ఇంకా రాలేదు శివపార్వతికి. "ఒకటి... రెండు... ఎయ్యి!" అంది, అడుగు వేసి చూపిస్తూ.

పెద్ద మామా కాలు లేచింది. రుమాలు దాటింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టే హాల్లోకి నడిచి వెళ్లిపోయింది.

శివపార్వతి రుమాలు వంక చూసింది. "మంత్రమా?"

"మంత్రం గింత్రం ఏమీ లేదు. పార్కిన్సన్స్ జబ్బు. మాత్ర పట్టినంత సేపు నడుస్తాది, నన్ను తిడతాది కూడా. మాత్ర బలం తగ్గితే ఇట్ల బిగుసుకుంటాది. మళ్లీ మాత్ర, మళ్లీ మనిషి."

"థ్యాంక్స్ అన్నా."

"ఏమన్నా అను మే, 'అన్నా' అని మాత్రం అనొద్దు!" అని రుమాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

రోజుకు నాలుగు మాత్రలు. పొద్దుటిది బాగానే పట్టేది. మధ్యాహ్నం పన్నెండు గంటలది మాత్రం శివపార్వతి ఎంత శ్రద్ధగా ఇచ్చినా పట్టేది కాదు. మూడయ్యేసరికి పెద్ద మామా ముఖం మైనపు ముద్దలా అయిపోయేది. కుర్చీలో కదలకుండా, ఒక్క కళ్లు మాత్రం శివపార్వతి ఎటు వెళితే అటు తిరిగేవి.

శుక్రవారాలు వేరు. ఆ రోజు భోజనానికి చుట్టాలంతా వస్తారు గనుక శివపార్వతి వంటింట్లోంచి కదలదు. మాత్ర పెంచల్ ఇస్తాడు. శుక్రవారం పెద్ద మామా లేచి తిరిగేది, మనవల పళ్లెంలో తన చేత్తో మాంసం ముక్కలు వేసేది.

మూడు వారాలు ఇదే వరస. పెద్ద మామా కూతురు మామా నవాల్ శివపార్వతిని పిలిచింది. "డ్రైవర్ ఇస్తే మా అమ్మ నడుస్తోంది. నువ్వు ఇస్తే శవంలా పడి ఉంటోంది. నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత ఖలాస్, ఇంటికి పంపించేస్తాను."

శివపార్వతి తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. కూతురు రత్నం కడుపులో ఉండగానే భర్త పోయాడు. ఇప్పుడు ఈ ముసలామె. తన చేతిలోనే ఏదో ఉందేమో.

ఆ మధ్యాహ్నమే పెద్ద మామా మొదటిసారి ఆ మాట అంది. బయట దుమ్ముగాలికి ఎండ పసుపురంగులో ఉంది. కదలని పెదాల మధ్య నుంచి గుసగుసగా, "బింత్..." అంది.

బింత్ అంటే ఆడపిల్ల. శివపార్వతి చుట్టూ చూసింది. గదిలో ఎవరూ లేరు.

"పరదా దగ్గర. చిన్నపిల్ల. ఒక కాలికే చెప్పు ఉంది."

పరదా కొంచెం కదిలింది. ఏసీ గాలికే అనుకుంది. అయినా ఊరికి ఫోన్ చేసింది.

"అమ్మా, రత్నం యాడ?"

"ఈడనే ఉంది, ఏడస్తాంది," అంది తల్లి రెడ్డెమ్మ. "పొద్దున వంక నీళ్లలో ఒక చెప్పు పోగొట్టుకొన్యాది. ఒంటి చెప్పుతోనే తిరగతాంది, ఇప్పమంటే ఇప్పదు. ఏమ్మే, గొంతు అట్లుందేంది?"

శివపార్వతి చేతిలోంచి ఫోన్ జారింది.

మర్నాడు పన్నెండుకు ఆమె వంటింట్లో గ్లాసు కలుపుతుంటే పెంచల్ నీళ్లకోసం వచ్చాడు.

"కళ్లు ఏంది అట్ల వాచినాయి? నా మీద బెంగనా?"

"నీ మొగం మీద బెంగ! నా చేతి మీద బెంగ. ఈ చెయ్యి మంచిది గాదు పెంచల్. నేనిస్తే ఆమె రాయైపోతాది."

అతని నవ్వు ఆగిపోయింది. గ్లాసులోకి చూశాడు. "అదేంది తెల్లగా?"

"లబన్. మజ్జిగే గదా. మాత్ర వేడి చేస్తాదని దండిగా పోసి ఇస్తాండా. మా నాయనకి మా అమ్మ ఏ మాత్రైనా మజ్జిగతోనే ఇస్తాండె. పొద్దున లబన్ రాదు, రాత్రికి మిగలదు, అప్పుడంతా ఉత్త నీళ్లే."

పెంచల్ తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "మే తల్లీ! ఈ మాత్ర పాలతో, పెరుగుతో ఇస్తే సరిగ్గా పట్టదంట. తిండికి అరగంట ముందు నీళ్లతోనే ఇయ్యాల. డాక్టరు నా ముందరే చెప్పినాడు. నీకు చెప్పకపోడం నా తప్పు."

శివపార్వతి గ్లాసు వైపు చూసింది. చల్లగా ఉంటుందని, ప్రేమగా కలిపిన గ్లాసు.

"నీకు నేనే చెప్పలేదని మామా నవాల్‌కి చెప్తాలే," అన్నాడు పెంచల్. "నీ జోలికి రాదు."

"వొద్దు. కలిపింది నేను. నేనే చెప్పాల."

లబన్ సింకులో పోసి, నీళ్లతో మాత్ర ఇచ్చింది. ఇద్దరూ గోడ గడియారం కిందే నిలబడ్డారు. నలభై నిమిషాలు గడిచాయి. పెద్ద మామా వేలు కదిలింది. మెడ తిరిగింది. గొంతు సర్దుకుని పెంచల్‌ను చూసి గట్టిగా కసిరింది, కారు కడగలేదని.

శివపార్వతి నవ్వుతూనే ఏడ్చేసింది. పెంచల్ రుమాలు చాచాడు. "గడపకాడ పరిచిందే. ఉతికినాలే."

సాయంత్రం మామా నవాల్ అంతా వింది. చివరికి, "దాచలేదు నువ్వు. ఉండు," అంది. పరదా దగ్గర పాప సంగతి విని డాక్టరు, ఈ జబ్బులో, ఈ మందులతో లేని మనుషులు కనబడడం ఉంటుందని చెప్పి ఒక మందు తగ్గించాడు.

మరి చెప్పు సంగతి? అది అడిగే ధైర్యం శివపార్వతికి లేకపోయింది.

జబ్బు పోలేదు. మంచి గంటలు, చెడ్డ గంటలు వస్తూ పోతూనే ఉన్నాయి. కానీ పరదా దగ్గర పాప మళ్లీ కనబడలేదు.

నవంబరులో, వాన కురుస్తున్న ఒక సాయంత్రం, పెద్ద మామా పరదా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"బింత్ వచ్చింది. ఇప్పుడు రెండు కాళ్లకీ ఉన్నాయి. ఎర్ర చెప్పులు."

శివపార్వతి వెంటనే ఫోన్ చేసింది.

"నేనే చేద్దామనుకొంటి మే," అంది రెడ్డెమ్మ. "ఆడ మీకాడ పనిచేసే మన గురప్ప సెలవుకి వచ్చినాడు గదా, ఇప్పుడే పెట్టె విప్పి చెప్పులిచ్చి పోయినాడు. ఎవురో పెంచలంట, పంపినాడంట. ఎర్రటివి. పాప నిద్రలో గూడా ఇప్పనంటాది. ఎవురే ఆ పిల్లోడు?"

ఫోన్ పెట్టేసి వాకిలి దాకా పరుగెత్తింది. బయట పోర్టికో చివర వానలో సగం తడుస్తూ పెంచల్.

"చెప్పులు పెద్ద మామాకి చూపించినావా?"

"లేదే. అబూ హలీఫా బజార్లో కొని నేరుగా గురప్ప పెట్టెలో ఏసినా. ఏం?"

ఆమె ఒకసారి వెనక్కి, ఇంట్లోకి చూసింది. "సైజు ఎట్ల తెలిసింది?"

"పాప ఒంటి చెప్పుతో తిరగతాందని, పాదం నీ అరచేయంత అని ఒకనాడు అంటివి. రోజూ మాత్ర పెట్టుకొనే చెయ్యే గదా, చూసి చూసి కొలత పట్టినా." అతను నీళ్లు కారే జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "ఆ చెయ్యి మంచిది కాదంటివి. నాకిస్తావా? పాపకి నాయన్నైతా. మీ అమ్మతో నేనే మాట్లాడతా."

శివపార్వతి గడప మీద నిలబడిపోయింది. పోవాలని ఉంది. పాదాలు రావడం లేదు. చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు.

పెంచల్ నవ్వలేదు. రుమాలు తీసి, మడిచి, ఆమె కాళ్ల ముందు పరిచాడు.

వెనక చెప్పుల చప్పుడు. పెద్ద మామా ఒక్కతే, ఎవరి ఆసరా లేకుండా నడిచి వచ్చి శివపార్వతి వీపు మీద వణికే చెయ్యి వేసింది. చెవి దగ్గర, రోజూ విన్న ఆ మాటలే, వచ్చీరాని తెలుగులో అంది:

"ఒకటి... రెండు... ఎయ్యి!"

శివపార్వతి రుమాలు దాటింది.