పైనుంచి పూసిన లప్పం

ఆదివారం మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ మంచం దాకా పరుచుకుని ఉంది. మూడుసార్లు బాగుచేసిన సీలింగు, కూతురి మంచానికి సరిగ్గా పైన, మళ్ళీ పగిలింది.

డ్రైవింగ్ మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. వారమంతా క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియనివాళ్ళ మీద అరిచి గొంతు పోగొట్టుకునే మనిషి. మిగిలిన ఆ ఒక్క రోజునీ శ్లాబు కింద బిగించిన ఈ జిప్సమ్ బోర్డు మింగేస్తోంది. మొదటిసారి ఉత్త లప్పం పూశాడు. రెండోసారి జాలీ టేపు అంటించి మరీ పూశాడు. మూడోసారి పగులుకి అటూ ఇటూ స్క్రూలు బిగించి, టేపు వేసి, లప్పం పట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, భార్యని పిలిచి చూపించి గొప్పలు కూడా పోయాడు. అంత చేస్తే మళ్ళీ అదే చోట నోరు తెరిచింది.

మంచం పక్కన పొడుగు కర్ర చీపురు కనిపించింది. ఇంకేముంది, దొంగ దొరికిపోయింది అనుకున్నాడు.

"దీంతో పొడుస్తున్నావా?"

"పొడవట్లేదు నాన్నా," అంది ఏడేళ్ళ కూతురు. "అది కిందికి వచ్చేస్తోంది. రాకుండా పైకి నొక్కి పట్టుకున్నా."

చేసిందే కాక అబద్ధం కూడానా అని చెంప ఛెళ్ళుమనిపించాడు. నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలాయి. ఆ పిల్ల ఏడుపు దిగమింగి చీపురు మళ్ళీ పైకెత్తబోయింది. లాక్కుని బాల్కనీలోకి విసిరేశాడు.

"ఇక్కణ్ణుంచి కదిలావంటే చూడు," అని నిచ్చెన కోసం వెళ్ళాడు. భార్య డ్యూటీకి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఉంటే ఆ చెయ్యి విరిచేసేది.

ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి పగులు లేదు. ఉన్న ఆనవాలు కూడా లేదు. గదినిండా తడి లప్పం వాసన. లప్పం డబ్బా మూత మాత్రం బిగించే ఉంది. కూతురు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఎవరు పూశారే?"

పిల్ల ఇటు తిరగలేదు.

"సరే, వచ్చి నిచ్చెన పట్టుకో."

తల వంచుకుని, బుద్ధిగా వచ్చి పట్టుకుంది. ఇప్పటికి దారికొచ్చింది అనుకున్నాడు. కోపం మాత్రం తగ్గలేదు.

పైకెక్కి పగులు ఉన్న చోట వేలితో తడిమాడు. పొడిగా ఉంది. కిందినుంచి ఎవరూ ఏమీ పూయలేదు. వేలి కణుపుతో తట్టాడు.

పైనుంచి... ఎవరో తిరిగి తట్టారు.

ఎలకలై ఉంటాయని తిట్టుకుంటూ, కత్తితో అరచేతి వెడల్పు ముక్క కోసి తీశాడు. తిప్పి చూశాడు. పైవైపున టేపు. టేపు మీద తడి లప్పం. అచ్చం తను పట్టినట్టే, అంచుల దాకా, ఒద్దికగా. ఆ బోర్డుకీ శ్లాబుకీ మధ్య ఉన్నది జానెడు సందు. అందులో మనిషి పట్టడు.

కోసిన కంతలోంచి చల్లగాలి వచ్చింది. గాలితో పాటు వెక్కిళ్ళు...

"నాన్నా... నేను పొడవలేదు..."

చేతిలో ముక్క జారిపోయింది.

"చెంప మండుతోంది నాన్నా..."

కింద నిచ్చెన కదలకుండా ఉంది. ఎవరో గట్టిగా పట్టుకునే ఉన్నారు. చూడాలని లేదు. చూశాడు.

కూతురు లప్పం డబ్బా పైకి అందిస్తోంది.

"మూసెయ్ నాన్నా," అంది గుసగుసగా.

దాని రెండు చెంపలూ అప్పుడే గరుకు కాగితం పట్టినట్టు, తెల్లగా, నున్నగా ఉన్నాయి.