మారు వడ్డన

తెర మీద ఆకుపచ్చ గీత లేచింది. సిగ్నల్ మెదడుకు చేరింది. అయినా అద్దం అవతల హారిణి చెయ్యి ఆగలేదు. పప్పన్నం ముద్ద మీద ముద్ద మింగుతూనే ఉంది.

విశాఖ రీసెర్చ్ సెంటర్‌లో అందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఈ చికిత్స కూడా ఫెయిలైతే ఆ పదేళ్ల పిల్ల బతికినంత కాలం ఆకలితోనే బతకాలి.

జబ్బు సంగతి తేలిగ్గానే చెప్పొచ్చు. ఒంట్లో నిల్వ సరిపడా ఉందని కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌తో మెదడుకు కబురు పంపుతాయి. ఆ కబురును మెదడు కణం లోపలికి మోసేది ఒక సిగ్నలింగ్ ప్రోటీన్. హారిణిలో అది పుట్టుకతోనే పనిచెయ్యదు. లెప్టిన్ తలుపు ఎంత బాదినా లోపల పలికేవాళ్లు లేరు. డాక్టర్ రెహానా ఆ పిల్ల చెవి వెనక అమర్చిన చిప్, ఇప్పుడు ఆ ప్రోటీన్ పని చేస్తోంది. మరి చెయ్యి ఎందుకు ఆగదు?

ఇంకా తింటే కడుపుకే ప్రమాదమని, కంచం తీసెయ్యమంది రెహానా. తల్లి గంగరత్నం అడ్డుపడింది.

"అది ఆకలి కాదు డాక్టరమ్మా, భయం. దానికి ఎప్పుడూ ఒక్కసారే పెట్టాను. మారు అడక్కుండా వంటగదికి తాళం వేసేదాన్ని. ఆపితే కంచం లాగేత్తానని దాని భయం."

రెహానా వద్దంటున్నా వినకుండా గరిటె పట్టుకుని లోపలికి వెళ్లింది. కూతురి కంచంలో మళ్లీ అన్నం వడ్డించింది.

"తిను తల్లీ. ఇంకా ఉంది. ఎవరూ తియ్యరు."

హారిణి గరిటెను చూసింది, అమ్మను చూసింది. చేతిలో ముద్ద కంచంలోకి జారింది.

"చాలమ్మా."

ఆ నోట ఆ మాట గంగరత్నం ఎన్నడూ వినలేదు. గరిటె పట్టుకునే భోరుమంది.

కొన్నాళ్లకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. జబ్బు తిరగబెట్టిందా అని రెహానా ముందే అడిగింది. అదేం కాదట. వంటగది తాళం సముద్రంలో పారేసి, రోజూ రొయ్యల వేపుడనీ గారెలనీ కూతురి కోసం పొయ్యి దగ్గరే ఉంటోందట. కూతురి ఆకలి ఆపమని కాళ్లావేళ్లా పడిన మనిషి ఇప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"నాలుగు ముద్దలు తిని లేచిపోతోందండీ. ఇన్నాళ్లూ దాని కడుపు మాడ్చాను, ఇప్పుడు కొసరి కొసరి పెట్టుకోవాలనుంది. ఆ మిషన్ కాస్త తగ్గించలేరా?"