నల్ల ఉన్ని కట్టిన తంగేళ్లు

"ఎవలు తరుముతున్నరు బావా?"

కంకర కుప్ప మీద బోర్లా పడి ఉన్న బీరన్నకు ఆ మాట వినిపించింది గానీ, జవాబు చెప్పడానికి గొంతులో గాలి లేదు. చుట్టూ ఇరవై గొర్రెపిల్లలు చెల్లాచెదురై అరుస్తున్నాయి. అందులో ఒకటి ధైర్యం చేసి దగ్గరికొచ్చి అతని కాన్వాస్ బూటు లేసు నమలడం మొదలుపెట్టింది.

"ఎవలూ... లేరు."

"మరి కుక్క ఎంటబడ్డదా?"

లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

గోపమ్మ రోడ్డు అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది. తెల్లవారే వేళ. కోస్గి రోడ్డు మీద మనిషి లేడు, బండి లేదు.

"ఎవలూ తరుమకుంటనే ఉరుకుతున్నవా? జర పైలం బావా. ఊరోళ్లు చూస్తే గాలి సోకిందంటరు."

బీరన్న ఈ ఊరికి, అక్క సత్తమ్మ అత్తవారింటికి వచ్చి రెండు రోజులైంది. గోపమ్మ సత్తమ్మ ఆడబిడ్డ. ఆ రెండు రోజులూ తలుపు చాటు నుంచి మజ్జిగ చెంబు అందించిందే తప్ప పెదవి విప్పలేదు. విప్పిన మొదటి రోజే ఇలా.

మహబూబ్‌నగర్ హాస్టల్లో ఉండి మెట్రిక్ పాసైన బీరన్నకు, ఆ తరువాతి ఏడాదే టైఫాయిడ్ పట్టుకుంది. నలభై రోజులు దవాఖాన మంచం మీద ఉన్నాడు. జ్వరమైతే పోయింది గానీ, పోతూ పోతూ సగం ఊపిరి తనతో తీసుకుపోయింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇక తొలి వానలు పడే మిరుగు కార్తెకు పోలీసు సెలక్షన్ ఉంది. మైలు దూరం ఎనిమిది నిమిషాల్లో ఉరకాలి. ఇప్పుడు శివరాత్రి వెళ్లి రెండు రోజులు.

"పొద్దుగాల ఏం తిన్నవు?" అనడిగింది గోపమ్మ.

"అం... అం..."

"అంబలా?"

తల ఊపాడు.

"ఒక్క మాటకే రెండుసార్లు తెగింది నీ ఊపిరి." ఆమె లేసు నములుతున్న పిల్లను చంకనెత్తుకుంది. దాని ముందరి కాలు కొంచెం వంకర. "ఇది పుట్టి పదిహేను దినాలు. దీన్ని మొదటి దినమే గుట్టకు తోల్తె ఏమైతది?"

"చచ్చిపోతది."

"మరి నిన్ను నువ్వెందుకు గట్ల తోలుకుంటున్నవు?"

గొర్ల కాపరి ఇంట పుట్టి, గొర్రెపిల్లల గురించి ఒక ఆడపిల్లతో చెప్పించుకోవలసి వచ్చినందుకు బీరన్న చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆమె నవ్వడం లేదు. నిజంగానే జవాబు కోసం చూస్తోంది.

"రేపటి సంది గా పసుపు పూల తంగేడు చెట్టు దాక ఉరుకు," అంది. "మల్లి నా కాడికి రా. నేనొక మాట అడుగుత. తెగకుంట చెప్పినవా, నాలుగు దినాలైనంక ఇంకో చెట్టు. తెగిందా, గదే చెట్టు. ఐదోనాడు పండుకో."

"ఐదోనాడు ఎందుకు?"

"మంద కూడ పండుకుంటది గద!"

అలా మొదలైంది. గోపమ్మ అన్న ఎల్లయ్య పెద్ద మందను తోలుకుని కృష్ణ వైపు మేతకు పోయాడు. ఇంటి దగ్గర మిగిలిన పిల్లలనూ వాటి తల్లులనూ రోడ్డు పక్క మేపడం గోపమ్మ పని. ఆమె మెల్లగా నడిచేది. బీరన్న ముందుకు ఉరికి, చెట్టును ముట్టుకుని, వెనక్కి వచ్చేవాడు. రాగానే ప్రశ్న.

"మీ హాస్టల్ల కూర ఎట్లుంటది?"

"నీళ్లు... చారు..."

"తెగింది. మల్లా గదే చెట్టు."

"అది కూరే అంత! నా తప్పా?"

మూడో చెట్టు నాటికి అతను ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగాడు. ఐదో చెట్టు నాటికి డ్రిల్ మాస్టారి మీసం గురించి చెప్పాడు. ఎనిమిదో చెట్టు దగ్గరికి వచ్చేసరికి, సినిమాకు దొంగతనంగా వెళ్లి వార్డెన్ పక్క సీట్లోనే కూర్చున్న కథ మొదటి నుంచి చివరి దాకా తెగకుండా చెప్పాడు. గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందంటే, గొర్రెలు రెండు జొన్న చేలో పడినా చూడలేదు.

వంకర కాలు పిల్ల కూడా ఇప్పుడు మందతో సమంగా నడుస్తోంది.

ఒక సాయంత్రం గోపమ్మ తండ్రి గురువయ్య మగ్గం గుంటలో కూర్చుని గొంగడి నేస్తూ సత్తమ్మతో అన్న మాట, పశువుల కొట్టంలో ఉన్న బీరన్న చెవిన పడింది.

"నీ తమ్ముడు మంచోడే. సదువుకున్నోడే. కని ఊపిరి నిలువది పిల్లా. నారాయణపేట దిక్కోళ్లు మన గోపిని అడుగుతున్నరు. మిరుగు దాటినంక చెప్త అన్న."

గురువయ్య అతన్ని ఎప్పుడూ "పిలగా" అనే పిలిచేవాడు. ఆ పిలుపు ఆ సాయంత్రం నుంచి బీరన్నకు గుచ్చుకోవడం మొదలైంది.

మర్నాటి నుంచి అతను ఒక్క సెలక్షన్ కోసమే ఉరకలేదు.

రోడ్డు పక్క దూరం చెప్పే తెల్లరంగు కొత్త రాళ్లున్నాయి. వాటి మీద పేరు రాసేవాళ్లు ఇంకా రాలేదు. ఉత్త అంకెలే. ఊరి దగ్గర ఎనిమిది, కోస్గి వైపు పోతే ఏడు. ఎండలు ముదిరే నాటికి బీరన్న ఎనిమిదో రాయి నుంచి ఏడో రాయి దాకా ఆగకుండా ఉరకగలిగాడు. హాస్టల్ మిత్రుడి దగ్గర బదులు తెచ్చుకున్న చేతి గడియారం చూశాడు. నమ్మలేక మళ్లీ చూశాడు.

"గోపీ! ఐదు నిమిషాలు! వాళ్లు ఎనిమిది అడుగుతున్నరు, నేను ఐదింటికే కొట్టిన! జిల్లాకే ఫస్ట్ నేను!"

గోపమ్మ ఏదో అనబోయింది. అతని ముఖం చూసి ఆగింది.

"మంచిగ ఉరికినవ్ బావా," అని మాత్రం అంది.

వారం గడిచింది. బట్టలుతికే రాయి నున్నగై జారుతోందని, దాన్ని బోర్లా తిప్పమని సత్తమ్మ తమ్ముణ్ణి పిలిచింది. గడ్డపార పెట్టి తిప్పాడు. మట్టి అంటిన అడుగు వైపు ఏవో అక్షరాలు. నీళ్లు పోసి తుడిచాడు.

'కోస్గి, మైళ్లు 4.'

"మామా, ఈ రాయెక్కడిది?"

"రోడ్డోళ్లు పోయినేడు పాత రాళ్లు పీకి కొత్తయి పాతిన్రు పిలగా," అన్నాడు గురువయ్య మగ్గం మీంచి తల ఎత్తకుండా. "సేర్లు పోయి కిలోలొచ్చినట్టు, తొవ్వకు కూడ కొత్త కొలతంట. పీకి పారేసిన్రు గద అని బండిమీద ఏసుకొచ్చిన."

బీరన్న గడ్డపార కింద పెట్టాడు. కిలోమీటరు! తాను ఇన్నాళ్లూ ఉరికింది మైలు కాదు. మైలులో ఐదు ఫర్లాంగులే. ఇంకా మూడు ఫర్లాంగులు మిగిలే ఉంది. సెలక్షన్‌కు నెల రోజులుంది.

గోపమ్మ బట్టల గంపతో అప్పుడే వచ్చింది.

"నీకెరుకనా? రాయి జరిగిందని నీకెరుకనా?"

"ఎరుకనే," అంది మెల్లగా. "పాతది గా మోదుగ చెట్ల కాడుండె. రోజూ గొర్లను తోలేదాన్ని, ఎరుక లేకుంటెట్ల?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తామనే..."

"నవ్వుకున్నవు! జిల్లాకే ఫస్ట్ అని నేను ఎగుర్తుంటే లోపల్లోపల నవ్వుకున్నవు!"

ఆమె కళ్లు ఒక్కసారి పైకి లేచి వాలిపోయాయి. గంప అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"ఏం మాటలురా బీరా అవి?" అంది సత్తమ్మ. బీరన్న నోరు తెరిచాడు. ఉరకకుండానే మాట తెగిపోయింది.

మర్నాడు గోపమ్మ లేవకముందే బయల్దేరాడు. కోపం మీద గడియారం చూడలేదు, ఊపిరి చూడలేదు. తుపాకీ గుండులా వెళ్లాడు. ఏడో రాయి దాటి ఇరవై అడుగులు వేశాడో లేదో, కళ్లకు చీకట్లు కమ్మి రోడ్డు పక్క కూలబడ్డాడు. సరిగ్గా మొదటి రోజులాగే.

అయిపోయింది అనుకున్నాడు. సామాను సర్దుకుని పొద్దున బస్సుకే పోదామనుకున్నాడు. ఆ పోయే ముందు మోదుగ చెట్లు ఎంత దూరమో చూద్దామని లేచి నడిచాడు.

కొంచెం దూరంలో ఒక తంగేడు పొద. దాని కొమ్మకు నల్లటి ఉన్ని పోగు ముడివేసి ఉంది. గొర్రె వెళ్తూ తగిలించుకున్న ఉన్ని కాదు. చేత్తో వడికిన పోగు, రెండు పేటలుగా కట్టిన ముడి.

ఇంకొంచెం ముందుకు పోతే మరో పొద. మరో పోగు. ఎండకు నలుపు వెలిసి గోధుమ రంగుకు తిరిగింది. సాలెపురుగు ఒకటి ఆ ముడి మీదుగా గూడు కూడా అల్లుకుంది.

నిన్నటి ముడి కాదు అది. మొన్నటిది కూడా కాదు.

ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోయాడు. ఆరు తంగేళ్లు, ఆరు పోగులు. ఆరోదాని పక్కన, మోదుగ చెట్ల కింద, రాయి పీకిన గుంత. సగం పూడిపోయి, లోపల గడ్డి మొలిచి ఉంది.

బీరన్న ఆ గుంత అంచున కూర్చున్నాడు.

గొర్ల గంట వినిపించింది. గోపమ్మ మందను తోలుకొస్తోంది. అతణ్ణి చూడనట్టే రోడ్డు అవతలి పక్కకు మళ్లింది. గొర్రెలకు మాత్రం ఆ కోపం తెలియదు. వంకర కాలు పిల్ల నేరుగా వచ్చి బూటు లేసు పట్టుకుంది.

"గోపీ, ఇవన్నీ ఎప్పుడు కట్టినవు?"

ఆమె నడక ఆపలేదు.

"తప్పైంది. నీ మాట ఇననియ్యలే నేను. ఎప్పుడు కట్టినవో చెప్పు."

"నువ్వు కొత్త రాయిని మొదటిసారి ముట్టిన దినం," అంది అటే తిరిగి. "రాయి దాక గెలిచినోడు, ఇంకో పొద దాక పోడా అనుకున్న. నీకు చెప్తామని రోజూ అనుకునుడే. గడియారం చూసుకుంట నువ్వు నవ్వుతుంటివి. టైఫాయిడ్ ఒచ్చినంక తమ్ముడు గట్ల నవ్వుడు మొదటిసారి అన్నది వదిన. నాకు నోరు రాలే."

"మొదటి దినమే ఈ మోదుగలు చూపెట్టి ఉంటే..."

"బస్సెక్కి పోతుంటివి."

"పోతుంటి," అని ఒప్పుకున్నాడు.

"నువ్వు పోతే మల్ల నేను..."

ఆగిపోయింది.

"నీ మాట తెగింది," అన్నాడు బీరన్న.

"నేనేం ఉరుకలే!"

"గందుకే అడుగుతున్న. ఎందుకు తెగింది?"

గోపమ్మ చేతికర్రతో లేని గొర్రెను ఒకదాన్ని అదిలించింది. "నెల దినాలే ఉన్నయి. ఆరు పొదలున్నయి. ముచ్చట్లు చాలు, లే."

నాలుగు రోజులకొక పొద, ఐదోనాడు విశ్రాంతి. ఆ లెక్కకు నెల రోజులు సరిగ్గా సరిపోయాయి.

సెలక్షన్ రోజు మహబూబ్‌నగర్ మైదానంలో నలభై మంది నిలబడ్డారు. ఆకాశం నల్లగా కిందికి దిగి ఉంది. విజిల్ ఊదగానే అందరూ తోసుకుంటూ పోయారు. బీరన్న వెనకపడ్డాడు.

"ఏందన్నా, పెండ్లికి పోతున్నవా మెల్లగ?" అని దాటిపోతూ వెక్కిరించాడొకడు.

"ఇది గెలిస్తే పెండ్లికే," అన్నాడు బీరన్న. ఆ మాట తెగలేదు. బాగుంది అనుకున్నాడు.

రెండో చుట్టులో ముందుపోయినవాళ్లు ఒక్కొక్కరే నడకకు దిగారు. వెక్కిరించినవాడు నడుం పట్టుకుని నిలబడ్డాడు. బీరన్న తనలో తాను మాట్లాడుకుంటూ ఉరుకుతున్నాడు. హాస్టల్ కూర ఎట్లుంటది? నీళ్లచారు. మాస్టారి మీసం ఎట్లుంటది? చీపురు తీరు. మూడో తంగేడు దాటిన. నాలుగోది దాటిన. చివరి చుట్టులో తొలి చినుకు ముక్కు మీద పడింది. గీత దాటి చూస్తే, ఎనిమిది నిమిషాలకు ఇంకా పన్నెండు సెకన్లు మిగిలాయి. నలభైలో తొమ్మిదోవాడు. సాయంత్రం గోడ మీద అంటించిన కాగితంలో అతని పేరుంది.

మర్నాడు వానలోనే బస్సెక్కాడు. కోస్గి దాటాక మోదుగ చెట్ల దగ్గర ఆపమన్నాడు.

"ఊరు ఇంక మైలున్నది," అన్నాడు కండక్టర్.

"మైలెంతనో నాకెరుకన్నా. ఆపు."

సంచి భుజాన వేసుకుని ఉరికాడు. తంగేళ్ల మీద ఉన్ని పోగులు తడిసి మళ్లీ నల్లగా మెరుస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ ముట్టుకుంటూ పోయాడు. ఏడో రాయి, ఎనిమిదో రాయి, ఊరు, గురువయ్య వాకిలి.

గురువయ్య గొంగడి కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. గడపలో సత్తమ్మ, ఆమె వెనక గోపమ్మ. బీరన్న చూరు నీళ్ల కింద నిలబడి ఒక్క గుక్కలో చెప్పాడు.

"మామా, నేను సెలక్షన్ల పాసైన. తొమ్మిదో నంబరొచ్చింది. మోదుగల కాడ బస్సు దిగి ఈడిదాక ఉరికొచ్చిన. నారాయణపేటోళ్లకు జవాబు చెప్పకుండ్రి. గోపిని నాకియ్యుండ్రి. కష్టపెట్టకుంట చూసుకుంట."

గురువయ్య అతని ఛాతీ వైపే చూస్తున్నాడు. అది లేచి దిగుతోంది, కానీ నెమ్మదిగా, మేత మేసి వచ్చిన గొర్రె డొక్కలా.

"ఊపిరి బాగనే నిలిచింది," అన్నాడు చివరికి. గొంగడి ఒక అంచు ఎత్తి పట్టుకున్నాడు. "ఆడ తడుస్తవేంది? లోపలికి రా అల్లుడా."

సత్తమ్మ కొంగుతో కళ్లద్దుకుంది. గురువయ్య వెనక్కి తిరిగాడు. "బిడ్డా, మా మాటలైనయి. నువ్వడిగేదేమన్న ఉంటే అడుగు."

గోపమ్మ గడప దాటి ముందుకు వచ్చింది. కళ్లు దించలేదు.

"పొద్దుగాల ఏం తిన్నవు బావా?"

మైలు దూరం వానలో ఉరికి వచ్చిన బీరన్న నోరు తెరిచాడు.

"అం... అం..."

"తెగింది," అంది గోపమ్మ.