వంతెన కొలతకు నిలబడ్డవాడు

ముందువి వెనక, వెనకవి ముందు చెబుతానేమో ధరణీ… ఈమధ్య నాకు అలాగే అవుతోంది. అది అరవైతొమ్మిదో సంవత్సరం అన్నది మాత్రం ఖాయం. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న వేసవి.

యూనివర్సిటీ దాటి సీతాఫల్‌మండి వైపు వెళ్తే వాగు మీద ఒక పాత రాతి వంతెన ఉండేది. దాని పక్కనే ఊరేగింపు మీద పోలీసు కాల్పులు జరిగి ఒక కుర్రాడు పోయాడు. ఆ తర్వాత అటు ఎవరూ నడిచేవారు కాదు. భయం రాత్రి కాదు — మిట్టమధ్యాహ్నం. నీడ కాళ్ల కిందికి వచ్చే వేళ, కమాను కింద నుంచి ఎవరో పిలుస్తారని చెప్పుకునేవారు.

మా మరిది బుచ్చిబాబు, అదే మీ నాన్న, తార్నాకలో మా ఇంట్లోనే ఉండి చరిత్ర ఎమ్మే చదివేవాడు. పాత వంతెనల మీద వ్యాసం రాయాలి. ఎవరినో అడిగి తెచ్చుకున్న కెమెరా, పన్నెండు ఫొటోల రీలు.

“ఆ వేళప్పుడు వెళ్లకు నాయనా” అన్నాను.

“కాలేజీలకే కాదు వదినా, దయ్యాలకీ బందే!” అని నవ్వుతూ వెళ్లాడు.

తర్వాత జరిగింది వాడు చెప్పగా విన్నదే.

వంతెన దగ్గర పిట్ట కూడా లేదు. పదకొండు ఫొటోలు తీశాడు. ఇక ఒక్కటే మిగిలింది. వంతెన ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియాలంటే పక్కన మనిషి నిలబడాలి. మనిషేడీ?

“నేను నిలబడాల్నా?”

వెనక… ఇరవై ఏళ్ల కుర్రాడు.

“నిలబడతారాండీ?”

“అండీ అంటున్నవ్… ఆంధ్రోనివా?”

బుచ్చిబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ కుర్రాడు నవ్వాడు.

“గా ఫొటో డబ్బాకు ఆంధ్ర, తెలంగాణ తెల్వదు గద. తియ్యి.”

తీశాడు. అప్పుడు ఆ కుర్రాడు మెల్లిగా — “నా పేరు శివకుమార్. మెట్టుగూడల రైల్వే క్వార్టర్లు. మా అమ్మ లచ్చమ్మ. గిది ఆమెకియ్యి… మా ఇంట్ల నాది ఒక్క ఫొటో లేదు.”

బుచ్చిబాబు నోట్‌బుక్కులో పేర్లు రాసుకుని తలెత్తేసరికి — ఎవరూ లేరు.

కాచిగూడ స్టూడియోలో కడిగించి, మూడు రోజుల తర్వాత మెట్టుగూడ వెళ్లాడు. గుమ్మం ముందు చెప్పులు… చాలా చెప్పులు. లోపల గోడకు బంతిపూల దండ వేలాడుతోంది. దండ మధ్యలో ఉత్త గోడ.

ఆ కాల్పుల్లో పోయింది శివకుమారే. ఆ రోజు పదకొండో దినం.

“దండెయ్యనీకి మొఖం లేకపాయె…” అని తల్లి ఏడుస్తోంది.

బుచ్చిబాబు ఫొటో జేబులో దాచుకున్నాడు. చప్పుడు చెయ్యకుండా వచ్చేద్దామనుకున్నాడు. కానీ ఆ ఉత్త గోడను చూశాక కాలు కదల్లేదు. ఫొటో ఆమె చేతిలో పెట్టాడు.

“ఎప్పుడు తీసినవ్ బిడ్డా?”

మూడు రోజుల కిందట అని ఎలా చెప్తాడు?

“పోయిన నెలమ్మా.”

ఆమె ఫొటోలోని చొక్కాను మునివేలితో తడిమింది. చాలాసేపు…

“గీ అంగీ… పానం పోయినంక కొత్తది తెప్పిచ్చి నేనే తొడిగిన గద.”

పక్కవాళ్లకు వినబడకుండా ఆమె బుచ్చిబాబు దగ్గరికి వంగింది.

“మంచిగున్నడా, బిడ్డా?”

ధరణీ, మీ నాన్న నోట్‌బుక్కు నీ దగ్గరే ఉంది కదా. పేర్లు ఒకసారి సరిచూడు తల్లీ. మిగతావి అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఆ తల్లీకొడుకుల పేర్లు మాత్రం తప్పు పోకూడదు.